సున్నా సరే, ఎప్పటి నుంచి సున్నా?

ఆ ఇండెక్స్‌ను (డేటాబేస్‌లో వరుసలను త్వరగా వెతకడానికి కట్టుకునే సూచికను) తీసేసింది నేనే. ఆర్డర్ల టేబుల్‌కి అనుబంధంగా ఉండే వివరాల టేబుల్‌లో, ఆర్డర్ నంబరు కాలమ్ మీద కట్టిన మామూలు ఇండెక్స్ అది. మా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అందులో ఇండెక్స్‌ల వాడకాన్ని పట్టికలా చూపించే వ్యూ తెరిచి దాని వరుస చూశాను. సీక్‌లు (కావాల్సిన చోటికి నేరుగా వెళ్లడం) సున్నా, స్కాన్‌లు (వరసగా చదవడం) సున్నా, లుకప్‌లు (మిగతా కాలమ్‌ల కోసం అసలు వరుస దగ్గరికి వెళ్లడం) సున్నా. అప్‌డేట్‌లు మాత్రం లక్షల్లో ఉన్నాయి. చదివేవాళ్లు ఎవరూ లేరు, కొత్త వరుస చేరిన ప్రతిసారీ దాని బరువు మాత్రం మోస్తున్నాం అని అర్థం చేసుకున్నాను. తీసేయడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదనిపించింది. పక్కనున్న ఇద్దరికి చూపించాను, వాళ్లూ సరేనన్నారు. ఆ రాత్రే డ్రాప్ చేశాను.

కొన్ని వారాల తర్వాత, మూడు నెలలకోసారి పాత ఆర్డర్లను తొలగించే జాబ్ మొదలైంది. ఎప్పుడూ అరగంటలో ముగిసే పని తెల్లవారినా ముగియలేదు. ఒక ఆర్డర్‌ను తొలగించాలంటే దాని కింద వివరాలు ఇంకా మిగిలి ఉన్నాయేమో డేటాబేస్ చూసుకోవాలి. ఫారిన్ కీ, అంటే లేని ఆర్డర్‌కి వివరాలు ఉండకూడదన్న నియమం, పెట్టుకున్నది అందుకే. ఆ చూపు ఇంతకాలం నేను తీసేసిన ఇండెక్స్ మీదుగానే వెళ్లేది. అది లేకపోయేసరికి జాబ్ తొలగించే ప్రతి విడతకీ వివరాల టేబుల్ మొత్తం చదవాల్సి వచ్చింది. చదువుతున్నంతసేపూ, మిగతావాళ్లను ఆపే లాక్‌లు పట్టుకునే ఉంది. పొద్దున వాడకందారులు వచ్చేసరికి కొత్త ఆర్డర్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి కూర్చున్నాయి. ఆ రోజు మా టీమ్ పడిన టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

కారణం వెతికితే ఒక్క వాక్యంలో తేలింది. నేను ఆ సున్నాలు చూసిన రోజుకి 19 రోజుల ముందు ప్యాచింగ్ కోసం సర్వర్‌ను రీస్టార్ట్ చేశారు. ఆ లెక్కలన్నీ అప్పుడే మొదటికి వచ్చాయి. ఆ సున్నాలో తప్పేమీ లేదు. అది 19 రోజుల నిజం. దాన్ని ఎప్పటికీ చెల్లే నిజంగా చదవడమే నా తప్పు.

ఈ వ్యాసంలో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. ఇండెక్స్ వాడకం లెక్కను కాలం నుంచి విడదీసి చూస్తే దానికి అర్థం లేదు. ఆ కాలాన్ని డేటాబేస్ మనకోసం భద్రపరచి పెట్టదు. మనమే, గంట గంటకూ, సమస్య లేని రోజుల్లో కూడా రాసి పెట్టుకోవాలి. సమస్య వచ్చిన రోజున మొదలుపెడితే ఆ రోజుకి అది పనికిరాదు.

కరెంటు మీటరు చూసే మనిషిని గుర్తు చేసుకోండి. మీటరులో కనిపించే అంకెను బట్టి ఎవరూ బిల్లు వేయరు. పోయిన నెల రీడింగు పక్కన ఈ నెల రీడింగు పెట్టి, తేడాను బట్టి వేస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డీఎం_డీబీ_ఇండెక్స్_యూసేజ్_స్టాట్స్ అనే వ్యూ 2005 వెర్షన్ నుంచీ ఉంది. దానిలోని యూజర్ సీక్స్, యూజర్ స్కాన్స్, యూజర్ లుకప్స్, యూజర్ అప్‌డేట్స్ అన్నీ మీటరు అంకెలే. అవి మెమరీలో ఉంటాయి, సర్వీసు ఆగితే పోతాయి. డేటాబేస్‌ను డిటాచ్ చేసినా, ఆటో క్లోజ్ ఆన్‌లో ఉండి అది మూసుకుపోయినా ఆ డేటాబేస్ లెక్కలు పోతాయి. 2012, 2014 వెర్షన్ల కొన్ని బిల్డ్‌లలో ఇంకో ఇబ్బంది ఉండేది. ఇండెక్స్‌ను రీబిల్డ్ చేస్తే, అంటే మళ్లీ కొత్తగా కడితే చాలు, దాని లెక్క చెరిగిపోయేది. వారానికోసారి రీబిల్డ్ జాబ్ నడిపే చోట, వారంలో బాగా అరిగిపోయే ఇండెక్స్‌లే రీబిల్డ్ అయ్యేవి కాబట్టి, బాగా నలిగిన ఇండెక్స్‌లే తక్కువ వాడినట్టు కనిపించేవి. 2016 వెర్షన్ వచ్చేసరికి దీన్ని సరిచేశారు. పాత సర్వర్లు ఇంకా నడుపుతున్నవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి.

మిగతా డేటాబేస్‌లవీ ఇలాంటి కథలే, తీరు మాత్రం కొంచెం వేరు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్ వ్యూలోని లెక్క మామూలు రీస్టార్ట్‌కి చెక్కుచెదరదు. కానీ సర్వర్ క్రాష్ అయి రికవరీలోకి వెళితే పోతుంది. పీజీ_అప్‌గ్రేడ్‌తో పెద్ద వెర్షన్ మార్చినా కొత్త సర్వర్‌లో మళ్లీ సున్నా నుంచే. 2023లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 16లో ఇండెక్స్‌ను చివరిసారి ఎప్పుడు స్కాన్ చేశారో చెప్పే కాలమ్ చేరింది. దానికోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. మైఎస్‌క్యూఎల్‌లో వాడని ఇండెక్స్‌ల జాబితా ఇచ్చే వ్యూ సిస్ స్కీమాలో ఉంది. అది పర్ఫార్మెన్స్ స్కీమా మీద ఆధారపడుతుంది కాబట్టి రీస్టార్ట్ అయితే అక్కడా ఖాళీయే. ఒరాకిల్ ఈ విషయంలో ముందుంది. 12.2కి ముందు మానిటరింగ్ ఆన్ చేస్తే వాడారా లేదా అన్న అవును, కాదు మాత్రమే దొరికేది. 12.2 నుంచి వాడకం లెక్కలను డేటాబేస్‌లోనే భద్రపరుస్తోంది. అయినా అది కూడే మొత్తమే. ఏ వారంలో ఎంత అన్నది కావాలంటే అక్కడా మనం మధ్యమధ్యలో రాసుకోవాల్సిందే.

సరే, రాసుకోవడం ఎలా? పని చిన్నదే, కానీ చిన్న పనిలోనే జారిపడే చోట్లు ఎక్కువ. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఒక టేబుల్ కట్టండి. స్నాప్‌షాట్ (ఆ క్షణపు అంకెల నకలు) తీసిన సమయం, సర్వర్ మొదలైన సమయం, డేటాబేస్, స్కీమా, టేబుల్, ఇండెక్స్ పేర్లు, నాలుగు లెక్కలు, చివరిసారి వాడిన సమయాలు, ఇండెక్స్ సైజు, వరుసల సంఖ్య ఉంటే చాలు. గంటకోసారి ఒక జాబ్ వచ్చి వ్యూలో ఉన్నది ఉన్నట్టు ఇందులో పోసి వెళ్తుంది. తేడాలు అప్పుడే లెక్కకట్టి దాచొద్దు. ముడి అంకెలే దాచండి, తేడాను చదివేటప్పుడు, ముందు వరుస విలువను తెచ్చిచ్చే ల్యాగ్ ఫంక్షన్‌తో తీసుకోవచ్చు. తేడా తీసే తర్కంలో తప్పు ఉంటే ముడి అంకెలు ఉన్నవాళ్లు దిద్దుకోగలరు, లేనివాళ్లు దిద్దుకోలేరు.

సర్వర్ మొదలైన సమయాన్ని ప్రతి వరుసలో ఎందుకు రాయాలి? చాలామంది, కొత్త అంకె పాతదానికన్నా తగ్గితే రీసెట్ అయినట్టు అని తర్కం రాసి సరిపెడతారు. మొదట్లో నేనూ అలాగే రాశాను. ఉదాహరణకి నిన్నటి స్నాప్‌షాట్‌లో 4,12,000 సీక్‌లు ఉన్నాయనుకోండి. రాత్రి సర్వర్ రీస్టార్ట్ అయింది. ఏ కారణానో స్నాప్‌షాట్ జాబ్ కొన్ని గంటలు నడవలేదు. ఈ రోజు తీసేసరికి 5,00,000 ఉంది. అంకె తగ్గలేదు కాబట్టి తర్కం 88,000 అని చెబుతుంది. నిజానికి రీస్టార్ట్ తర్వాతే 5,00,000 జరిగాయి. సర్వర్ మొదలైన సమయం పక్కనే ఉంటే ఈ తప్పు జరగదు. అది మారిందంటే కొత్త అంకె మొత్తాన్నీ తేడాగా తీసుకోవాలి.

ఇంకొకటి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వ్యూలో, రీస్టార్ట్ తర్వాత ఎవరూ ముట్టని ఇండెక్స్‌కి అసలు వరుసే ఉండదు. సున్నా అని కూడా చూపించదు. కాబట్టి ఇండెక్స్‌లన్నిటి జాబితా ఉండే కేటలాగ్ నుంచి మొదలుపెట్టి ఈ వ్యూకి లెఫ్ట్ జాయిన్ (మొదటి జాబితాలో ఉన్నవన్నీ ఉంచే కలయిక) చేయాలి. రెండు చోట్లా ఉన్నవే మిగిల్చే ఇన్నర్ జాయిన్ చేశారంటే మీరు వెతుకుతున్న ఇండెక్స్‌లే జాబితాలోంచి జారిపోతాయి. ఇంటర్నెట్‌లో తిరిగే స్క్రిప్టుల్లో ఈ తప్పు చాలాసార్లు చూశాను.

ఇండెక్స్ ఐడీని మాత్రమే నమ్ముకోవద్దు. ఒక ఇండెక్స్‌ను తీసేసి ఇంకొకటి కడితే అదే నంబరు దానికి రావచ్చు. పేరు కూడా రాసుకోండి. కాలమ్‌ల జాబితా కూడా రాసుకుంటే ఇంకా మేలు. అదే పేరుతో వేరే కాలమ్‌లు పెట్టి మళ్లీ కట్టే అలవాటు చాలా టీమ్‌లలో ఉంది.

జాగా గురించి భయపడేవాళ్లకి ఒక చిన్న లెక్క. 2,000 ఇండెక్స్‌లు ఉన్న సర్వర్‌లో గంటకోసారి తీస్తే రోజుకి 48,000 వరుసలు. నెలకి 14,40,000. ఏ ప్రొడక్షన్ సర్వర్‌కైనా ఇది లెక్కలోకి రాని సంగతి. నేను గంటల వారీ వివరాన్ని రెండు నెలలు, రోజుకొకటి చొప్పున 13 నెలలు ఉంచుతాను. 12 కాదు, 13. ఏడాదికోసారి నడిచే పని ఏదైనా ఉంటే అది తప్పకుండా లోపల పడాలి, పైగా నిరుడు ఇదే నెలతో పోల్చుకునే వీలు ఉండాలి. మారని వరుసలను రాయకుండా వదిలేసి జాగా మిగుల్చుకుందాం అనుకుంటే, స్నాప్‌షాట్ జాబ్ ఎప్పుడెప్పుడు నడిచిందో వేరే టేబుల్‌లో తప్పకుండా రాయండి. లేకపోతే ఇండెక్స్‌ను ఎవరూ వాడలేదా, జాబే నడవలేదా అన్నది ఏడాది తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఇంతవరకూ చెప్పింది ఇండెక్స్ తీసేయాలా వద్దా అన్న ప్రశ్న గురించి. నిజానికి ఈ చరిత్ర నాకు ఎక్కువగా ఉపయోగపడింది వేరే చోట. అప్లికేషన్ నెమ్మదించిందని ఎవరో ఫోన్ చేసినప్పుడు.

ఆ ఫోన్లు ఎలా ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. "సార్, ఈ మధ్య స్లోగా ఉంది" అంటారు. ఎప్పటి నుంచి అంటే "నాలుగైదు రోజుల నుంచి అనుకుంటా" అంటారు. అవతలివాళ్ల తప్పేం లేదు, వాళ్ల పని వాళ్లు చేసుకుంటున్నారు. కానీ ఇండెక్స్ వాడకం వ్యూలలో ఇప్పుడు కనిపించేవన్నీ ఈ క్షణపు సంగతులు. నాలుగు రోజుల కిందట ఏం మారిందో అవి చెప్పవు.

ఒకసారి ఇలాంటి ఫోనే వచ్చినప్పుడు, ఖాతాదారుల టేబుల్ మీదున్న ఇండెక్స్‌ల గంటల వారీ తేడాలను గ్రాఫ్ గీశాను. ఖాతా కోడ్ మీదున్న ఇండెక్స్‌లో సీక్‌లు రోజూ పగలు లేచి రాత్రి పడే ఒక అలలా ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం 2 నుంచి ఆ అల సగానికి సగం కుంగిపోయింది. సరిగ్గా అదే గంట నుంచి అదే ఇండెక్స్ మీద, అంతవరకూ దాదాపు లేని స్కాన్‌లు లేవడం మొదలైంది. మంగళవారం మధ్యాహ్నం ఒక రిలీజ్ వెళ్లింది. అందులో ఏం మారిందో చూడమంటే, డేటా యాక్సెస్ లైబ్రరీని కొత్తదానికి మార్చామని డెవలపర్ చెప్పాడు. పాతది ఆ కోడ్‌ను వార్‌కార్‌గా (మామూలు అక్షరాల టైప్) పంపేది, కొత్తది ఎన్‌వార్‌కార్‌గా (యూనికోడ్ అక్షరాల టైప్) పంపుతోంది. కాలమ్ వార్‌కార్. రెండూ వేర్వేరు టైప్‌లు కాబట్టి పోల్చే ముందు సర్వర్ కాలమ్‌నే ఎన్‌వార్‌కార్‌లోకి మార్చుకోవాల్సి వచ్చింది. మా డేటాబేస్‌లో ఉన్నది పాత ఎస్‌క్యూఎల్ కొలేషన్ (అక్షరాలను పోల్చే, వరసపెట్టే నియమాలు). అక్కడ అలా మార్చాల్సి వస్తే ఇండెక్స్‌లో నేరుగా దిగే దారి మూసుకుపోతుంది, మొత్తం స్కాన్ చేయాల్సిందే. పారామీటర్ టైప్ ఒక్కటి సరిచేయగానే అల మళ్లీ లేచింది. ఫోన్ వచ్చినప్పటి నుంచి కారణం తెలిసేదాకా పట్టింది గంటలోపే. ఆ గ్రాఫ్ లేకపోతే ఎన్ని రోజులు పట్టేదో ఊహించడం నాకు ఇష్టం లేదు.

లుకప్‌ల గ్రాఫ్ కూడా ఇలాగే మాట్లాడుతుంది. క్లస్టర్డ్ ఇండెక్స్ (టేబుల్ వరుసలనే తనలో ఉంచుకునేది) మీద లుకప్‌లు ఒక రోజు నుంచి ఉన్నట్టుండి పెరిగాయంటే, ఎవరో ఒక క్వెరీకి కొత్త కాలమ్ చేర్చారు, అది విడిగా కట్టిన నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌లో లేదు అన్నది నా మొదటి అనుమానం. చాలాసార్లు అదే నిజమైంది.

ఇక్కడ నాకు ఎదురయ్యే వాదన ఒకటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్వెరీ స్టోర్ ఉంది కదా, 2016 వెర్షన్ నుంచి ప్లాన్‌లన్నీ (క్వెరీని ఏ దారిలో నడపాలో సర్వర్ వేసుకునేవి) అదే దాస్తోంది కదా, మళ్లీ ఇదెందుకు అని. క్వెరీ స్టోర్ అంటే నాకు చాలా గౌరవం, నేను చూసే ప్రతి డేటాబేస్‌లో ఆన్ చేసే ఉంచుతాను. కానీ అది క్వెరీ వైపు నుంచి చూస్తుంది. ఫలానా క్వెరీకి ఏమైందని అడిగితే చక్కగా చెబుతుంది. ఫలానా ఇండెక్స్‌ను ఈ ఏడాదిలో ఎవరు, ఎప్పుడు, ఎంత వాడారని అడిగితే, ప్లాన్‌ల ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో పడి వెతుక్కోవాలి. పైగా మార్చకుండా వదిలేస్తే అది దాచేది 30 రోజులే, సైజు నిండితే అంతకన్నా ముందే పాతవి పోతాయి. మూడు నెలలకోసారి నడిచే నా జాబ్ అందులో దొరికేది కాదు. రెండూ ఉండాలి. ఇండెక్స్ గ్రాఫ్‌లో గంట దొరుకుతుంది, ఆ గంట పట్టుకుని క్వెరీ స్టోర్‌లోకి వెళితే క్వెరీ దొరుకుతుంది.

ఇంకో వాదన, డిస్క్ చవకైపోయింది, వాడని ఇండెక్స్‌లు ఉంటే ఉండనీ అని. దీనితో నేను ఏకీభవించను. ఇండెక్స్ ఖరీదు డిస్క్‌లో లేదు. కొత్త వరుస చేరిన ప్రతిసారీ, ఫిల్టర్ లేని ప్రతి ఇండెక్స్‌లోనూ ఒక ఎంట్రీ రాయాలి. అది లాగ్‌లోకి వెళ్తుంది, రెప్లికాకి (వేరే సర్వర్‌లో ఉండే నకలుకి) వెళ్తుంది, బ్యాకప్‌లోకి వెళ్తుంది. రాయడానికి ఆ పేజీలు మెమరీలోకి రావాలి, వస్తే పనికొచ్చే పేజీలు బయటికి పోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో అయితే ఇంకా సూటిగా దెబ్బ తగులుతుంది. అక్కడ హాట్ అప్‌డేట్ అనే సదుపాయం ఉంది. ఇండెక్స్ లేని కాలమ్‌లను మాత్రమే మార్చి, అదే పేజీలో ఖాళీ ఉంటే, ఇండెక్స్‌ల జోలికి పోకుండా వరుసను మార్చేస్తుంది. తరచూ మారే ఒక కాలమ్ మీద ఎవరూ వాడని బీ-ట్రీ (మామూలు రకం) ఇండెక్స్ ఒకటి ఉంటే చాలు, ఆ కాలమ్‌ను మార్చే అప్‌డేట్‌లన్నిటికీ ఆ సదుపాయం పోతుంది. అనవసరమైన ఇండెక్స్‌లను తీసేయాల్సిందే. నేను తప్పుగా తీశాను కాబట్టి తీయడమే తప్పని అనను.

అయితే చరిత్ర ఉన్నా దానికి కనిపించనివి కొన్ని ఉన్నాయి. వాటి గురించి చెప్పకుండా ఈ లెక్కలను నమ్మమని అడిగితే నిజాయితీ అనిపించుకోదు.

ఒక యూనిక్ ఇండెక్స్‌ను చదవడానికి ఎవరూ వాడకపోవచ్చు. కానీ రెండోసారి అదే విలువ చేరకుండా అది కాపలా కాస్తూ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఆ కాపలా పని స్కాన్ లెక్కలోకి రాదు. అంతేకాదు, ఈ కాలమ్‌లో విలువలు మళ్లీ రావు అన్న సమాచారాన్ని ప్లాన్ వేసేటప్పుడు ఆప్టిమైజర్ వాడుకుంటుంది, అవసరం లేని జాయిన్‌ను ఎత్తేస్తుంది. ఇండెక్స్‌ను ముట్టకుండానే ఆ మేలు జరుగుతుంది కాబట్టి ఏ కౌంటరూ కదలదు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రతి ఇండెక్స్‌తోపాటు దాని స్టాటిస్టిక్స్ (ఏ విలువలు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కలు) కూడా ఉంటాయి. ఇండెక్స్‌ను వాడని క్వెరీ కూడా ఎన్ని వరుసలు వస్తాయో అంచనా వేసుకోవడానికి వాటిని చూస్తుంది. ఇండెక్స్‌ను తీసేస్తే అవీ పోతాయి, సంబంధం లేదనుకున్న క్వెరీ ప్లాన్ మారిపోవచ్చు.

చదవడానికి వేరే రెప్లికా పెట్టుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రెప్లికా మీద జరిగిన వాడకం అక్కడి లెక్కలోనే ఉంటుంది, ప్రైమరీకి, అంటే అసలు సర్వర్‌కి తెలియదు. రిపోర్టులన్నీ రెప్లికా మీద నడిపేచోట, ఆ రిపోర్టులకోసమే కట్టిన ఇండెక్స్ ప్రైమరీలో సున్నాగా కనిపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అవైలబిలిటీ గ్రూపుల్లోనూ, పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బైలోనూ ఇంతే. స్నాప్‌షాట్ జాబ్ అన్ని చోట్లా నడవాలి. రెప్లికాలో రాసే వీలుండదు కాబట్టి బయటి నుంచి వచ్చి చదివి, వేరే సర్వర్‌లో రాసుకోవాలి.

అంకెల పేర్లు కూడా తప్పుదోవ పట్టిస్తాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ వ్యూలో ఒక సీక్ అంటే ఆ ఇండెక్స్ మీద సీక్ ఉన్న ప్లాన్ ఒకసారి నడిచిందని. ఆ ఒక్కసారిలో ఒక వరుస చదివి ఉండొచ్చు, పది లక్షలు చదివి ఉండొచ్చు. స్కాన్ అంటే మొత్తం చదివిందని అర్థం కాదు, పై వరుస ఒక్కటి అడిగిన క్వెరీ స్కాన్ మొదలుపెట్టి వెంటనే ఆగిపోవచ్చు. ఎంత పని జరిగిందో కావాలంటే ఆపరేషనల్ స్టాట్స్ అనే ఇంకో వ్యూ ఉంది. దాన్నీ స్నాప్‌షాట్‌లో చేర్చుకోవచ్చు. కానీ మెటాడేటా క్యాష్ నుంచి టేబుల్ బయటికి పోతే ఆ లెక్క సున్నా అవుతుంది, అంటే రీస్టార్ట్ లేకుండానే చెరిగిపోతుంది.

ఇన్ని తెలిశాక ఇప్పుడు నేను ఇండెక్స్‌ను ఒకేసారి తీసేయను. మైఎస్‌క్యూఎల్ 8.0లోనూ, ఒరాకిల్ 11జీ నుంచీ ఇండెక్స్‌ను ఆప్టిమైజర్‌కి కనిపించకుండా చేయొచ్చు. రాత భారం అలాగే ఉంటుంది, కానీ తేడా కొడితే క్షణంలో వెనక్కి తేవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డిసేబుల్ చేస్తే నిర్వచనం మిగులుతుంది, డేటా పోతుంది. మళ్లీ కావాలంటే రీబిల్డ్ చేయాలి, పెద్ద టేబుల్ మీద అది గంటల పని కావచ్చు. పొరపాటున క్లస్టర్డ్ ఇండెక్స్‌ను డిసేబుల్ చేస్తే టేబులే తెరుచుకోదు. కాబట్టి అక్కడ నాకు చరిత్రే పెద్ద ధైర్యం. 13 నెలల్లో ఒక్క చదువు కూడా లేదు, రెప్లికాల్లోనూ లేదు, యూనిక్ కాదు, దాని మొదటి కాలమ్ మీద ఫారిన్ కీ లేదు అని చూశాకే డ్రాప్ స్క్రిప్టు రాస్తాను. తిరిగి కట్టే స్క్రిప్టు కూడా దాని పక్కనే పెడతాను.

ఇంకా ఒక ఖాళీ మిగిలే ఉంది. చివరి స్నాప్‌షాట్‌కీ రీస్టార్ట్‌కీ మధ్య జరిగిన వాడకం ఎక్కడా నమోదు కాదు. సర్వర్ దానంతట అది కూలిపోతే చేసేదేం లేదు. మనమే ఆపుతున్నప్పుడైతే, ఆపడానికి నిమిషం ముందు జాబ్‌ను చేత్తో ఒకసారి నడపొచ్చు. మా ప్యాచింగ్ చెక్‌లిస్టులో, బ్యాకప్ చూసుకున్నారా అన్న ప్రశ్న పక్కనే ఇప్పుడు ఆ లైను ఉంది.